రోడ్డు తనిఖీ నేర్చుకుందాం – 4వ పాఠం: మళ్లీ పగుళ్ల దగ్గరికే

ఈ పాఠం కల్వర్టుల గురించి అని చెప్పాను. కానీ గత పాఠం అభ్యాసానికి మీరు పంపిన పట్టికలు చూశాక పగుళ్లను వదిలి ముందుకు వెళ్లడానికి మనసొప్పలేదు. ఎక్కువమంది వలలా అల్లుకునే మొసలి పగుళ్లను మీటర్లలో రాశారు. ఒకరు రెండు చదరపు మీటర్ల ముక్కలో ప్రతి గీతనూ టేపుతో కొలిచి, అన్నీ కూడి, 31 మీటర్లని వేశారు. అంత శ్రద్ధ ఉన్నవారికి కారణం చెప్పకుండా కొలమానం మాత్రమే చెప్పడం నా పొరపాటు.

చక్రం వెళ్లిన ప్రతిసారీ తారు పొర కొద్దిగా వంగుతుంది. వంగినప్పుడు దాని అడుగు సాగుతుంది. లక్షలసార్లు సాగాక అక్కడ పగులు పుట్టి పైకి పాకుతుంది. మన కంటికి మొసలి చర్మంలా కనబడేసరికి ఆ మేరంతా పొర బలం పోయి ఉంటుంది. మరమ్మతుకు వచ్చినవారు కోసి తీసేది ఆ మేరనే కాబట్టి మనం రాయవలసిందీ అదే. చుట్టూ సుద్దతో దీర్ఘచతురస్రం గీయండి, పొడవును వెడల్పుతో హెచ్చించండి, చదరపు మీటర్లలో వేయండి. రోడ్డు పొడవునా విడిగా సాగే నిలువు పగులు, రోడ్డుకు అడ్డంగా సాగే అడ్డ పగులు మాత్రం మీటర్లలో ఉంటాయి. గుంతలను లెక్కపెడతాం. చక్రాల దారిలో పడే పల్లం, అంటే చక్రాల గాడి, మళ్లీ చదరపు మీటర్లే.

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన తప్పు: రోడ్డును దిమ్మలుగా విడగొట్టే దిమ్మ పగుళ్లను మొసలి పగుళ్లని రాయడం. మనం అనుసరిస్తున్న, రోడ్ల స్థితిని అంచనా వేసే ఏఎస్‌టీఎం డీ6433 ప్రమాణ పద్ధతిలో రోడ్డుకు 0 నుంచి 100 దాకా మార్కు వస్తుంది. మొసలి పగుళ్లు ఆ మార్కును చాలా ఎక్కువగా కోస్తాయి, అదే మేర దిమ్మ పగుళ్లు అంతగా కోయవు. ఒక్క పేరు తారుమారైతే పై పూతతో బాగుపడే రోడ్డును తవ్విపోయాలన్న లెక్క వస్తుంది.

మీలో చాలామంది ముక్క సైజు చూసి తేల్చారు. మొసలి పగుళ్లలో ముక్క పొడవైన వైపు సాధారణంగా అర మీటరుకు లోపు. దిమ్మలు 0.3 మీటర్ల నుంచి 3 మీటర్ల దాకా ఉంటాయి. అంటే 0.3, 0.5 మధ్య రెండూ కుదురుతాయి. సరిగ్గా అక్కడే టేపు మిమ్మల్ని మోసం చేస్తుంది. టేపు పక్కన పెట్టి, ముందు పగుళ్లు ఎక్కడ ఉన్నాయో చూడండి. దిమ్మ పగుళ్లు తారు ముసలిదై, చలికీ ఎండకూ ముడుచుకుని వచ్చేవి, నెర్రెలు బారిన చెరువు అడుగు లాంటివి. వాటికి బండితో పనిలేదు కనుక రోడ్డు వెడల్పంతా పరుచుకుంటాయి, ఎవరూ నడపని అంచునా ఉంటాయి. మొసలి పగుళ్లు చక్రాల దారిని వదలవు. చక్రం తిరగని చోట అవి పుట్టవు.

నా మొదటి సీజన్‌లో, బండ్లు ఎప్పుడో గాని రాని ఒక పార్కింగ్ స్థలాన్నంతా మొసలి పగుళ్లని రాసి ఇచ్చాను. మా పర్యవేక్షకుడు నన్ను తిరిగి తీసుకెళ్లి మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. ముక్కల మూలలు దాదాపు లంబంగా, బండపరుపులా ఉన్నాయి. వేలితో నొక్కితే ఒక్క ముక్కా కదలలేదు. తర్వాత రోడ్డు మీద అసలు మొసలి పగులు చూపించారు. మూలలు వాడిగా, ఐదారు వైపులతో, నొక్కితే కొన్ని ముక్కలు ఊగుతూ, పగుళ్ల నోటి దగ్గర కింది నుంచి ఎగదన్నిన సన్నటి మట్టి. ఆ ఊగే ముక్కను తాకిన వేలు ఆ తేడాను ఇంకా మరచిపోలేదు.

అదే చోట గాడి కూడా పడి ఉంటే రెండూ రాయండి. ఒకటి రాశాం కదా అని రెండోది వదలకండి.

పగులు వెడల్పు చూడటానికి నా దగ్గర 10 మిల్లీమీటర్ల మందం చెక్కముక్క ఉంటుంది. పూడ్చని నిలువు పగుల్లో అది దిగకపోతే తక్కువ తీవ్రత, దిగితే మధ్యస్థం, 75 మిల్లీమీటర్లు దాటితే తీవ్రం. అంచులు ఎంత చితికాయన్నదీ చూడాలి. చక్కగా పూడ్చి, ఆ పూత ఇంకా పట్టి ఉన్న పగులు ఎంత వెడల్పున్నా తక్కువ తీవ్రతే.

కల్వర్టుల గురించి ఈసారికి రెండే మాటలు. నేను నీరు బయటికి పోయే మూతి దగ్గరే మొదలుపెడతాను, కోత ముందుగా కనబడేది అక్కడే. పైన రోడ్డు చిన్నగా కుంగి ఉంటే గొట్టం అతుకుల్లోంచి మట్టి జారిపోతోందేమోనని అనుమానించండి. లోపలికి మాత్రం దూరకండి.

అభ్యాసం: అనుమతి ఉన్న 50 మీటర్ల రోడ్డు ఎంచుకోండి. తోడుగా ఒకరు ఎదురొచ్చే బండ్లను చూస్తూ నిలబడాలి. ఉదయపు ఏటవాలు ఎండలో ఒకసారి నడిచి పట్టిక నింపండి, ఆ వెలుగులో గాడులు నీడతో బయటపడతాయి. వాన వెలిసి రోడ్డు ఆరుతున్నప్పుడు ఎదురు దిశ నుంచి మళ్లీ నడవండి. అంతా ఆరినా పగుళ్లు నల్లగా తడిగా మిగులుతాయి. రెండోసారి మొదటి పట్టిక చూడకూడదు. రెండూ దిద్దకుండా, ఉన్నవి ఉన్నట్టు పంపండి. అవి ఎక్కడ విభేదించాయో అక్కడి నుంచే ఐదో పాఠం మొదలుపెడతాను.