బన్నేరుఘట్టలో లైకెన్లు లెక్కపెట్టడం ఎలా?

బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. శిలీంధ్రమూ (ఫంగస్) శైవలమూ (నాచు) కలిసి చేసే కాపురం అది. బెంగళూరు దగ్గరి బన్నేరుఘట్ట నేషనల్ పార్కులో ఇవి ఎన్ని రకాలున్నాయో చూడాలంటే ముందు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తీసుకోండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది తప్పదు. ఫారెస్ట్ గార్డు తోడు లేకుండా లోపలికి వెళ్లొద్దు, ఏనుగులుంటాయి.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, దిక్సూచి, టేపు, పెన్సిల్, కాగితం కవర్లు చాలు. ప్లాస్టిక్ కవర్లు తెచ్చేవాళ్లను నేను వెంట తీసుకెళ్లను, తేమకు లోపల బూజు పడుతుంది. ఒక వైరు చట్రం చేసుకోండి: 10 సెం.మీ. గళ్లు ఐదు, నిచ్చెనలా ఒకదాని కింద ఒకటి.

ఆ చట్రాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే అందరూ పని పాడుచేస్తారు. అడవిలోకి వెళ్లగానే లైకెన్లతో రంగులద్దినట్టున్న చెట్టు మీదికే కన్ను పోతుంది. దాన్నే కొలుస్తారు. పెళ్లి మండపం గుమ్మంలో నిలబడి, ఈ ఊళ్లో ఆడవాళ్లంతా రోజూ పట్టుచీరలే కడతారని రాసుకున్నట్టు ఉంటుంది ఆ లెక్క.

అందుకని ఇంటి దగ్గరే మ్యాపు మీద సమాన దూరంలో చుక్కలు పెట్టుకోండి. చుక్క దగ్గరికి చేరాక, చుట్టుకొలత 60 సెం.మీ. దాటి నిటారుగా ఉన్న చెట్లలో దగ్గరిదాన్నే తీసుకోండి. వాలిన చెట్టు వద్దు, వాననీళ్లు ఒకవైపే కారతాయి. గరుకు బెరడు చింతనూ నునుపు బెరడు చెట్టునూ ఒకే పట్టికలో కలపొద్దు. చెట్టు మీద ఏమీ లేకపోతే సున్నా రాయండి. సున్నా రాయడానికి మనసొప్పనివాళ్లు ఈ పనికి రాకపోవడమే మేలు.

చట్రం అడుగు అంచు నేలకు మీటరు ఎత్తులో ఉండాలి. దిక్సూచి చూసి ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర, నాలుగు వైపులా పెట్టండి. జానెడు పక్కన అందమైనది కనిపించిందని జరపొద్దు! ఒక్కో రకం ఎన్ని గళ్లలో ఉందో రాయండి. చెట్టుకు గరిష్ఠంగా 20. కొందరు "ఇది ముప్పై శాతం పరుచుకుంది" అని కంటి అంచనా రాస్తారు. ఇద్దరు చూస్తే రెండు అంకెలు చెబుతారు. గళ్ల లెక్కలో ఆ టెన్షన్ లేదు.

ఫోన్ ఫోటో చూసి పేరు పెట్టొద్దు. అనుమతి ఉంటేనే గోరంత ముక్క తీయండి, ఇవి ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. రకం గుర్తుపట్టడానికి పొటాషియం హైడ్రాక్సైడ్, బ్లీచ్ చుక్కలతో రంగు మారుతుందేమో ఇంటికొచ్చాకే చూడండి: పై పొర మీద ఒకసారి, బ్లేడుతో గీరి లోపలి తెల్లపొర మీద ఇంకోసారి. చెట్టు నంబరు, దిక్కు మాత్రం అక్కడే కవరు మీద పెన్సిల్‌తో రాసేయండి, తడికి పెన్ను రాత చెదిరిపోతుంది.