ఎండాకాలంలో టమాట నారు సాగిపోకుండా పెంచడం

ఏప్రిల్, మే నెలల్లో పోసిన టమాట నారు పది రోజులకే దారంలా సాగి, నీళ్లు పోయగానే పక్కకు వాలిపోతుంది. కొందరు తెగులనుకుని మందు కొడతారు. ఎక్కువమంది ఎండ తగిలిందనుకుని పైన ఇంకో నెట్ కప్పుతారు. నారును చెడగొట్టేది ముఖ్యంగా ఈ రెండో పనే.

మొక్క నీడను, వెచ్చదనాన్ని రెంటినీ పసిగట్టేది ముఖ్యంగా ఫైటోక్రోమ్-బి అనే ఒకే ప్రోటీన్‌తో. ఎర్రని వెలుగు పడితే అది చురుకైన రూపంలోకి మారి కాడ సాగకుండా పట్టి ఉంచుతుంది. చెట్టు నీడలో ఆకులు ఎరుపును పీల్చేసుకుంటాయి, దూర ఎరుపు వెలుగు (ఎరుపుకు అవతల, కంటికి దాదాపు కనిపించనిది) మాత్రం కిందికి దిగుతుంది. దాంతో పట్టు సడలుతుంది. వెచ్చదనం చేసేదీ అదే, ముఖ్యంగా రాత్రిపూట. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద పరిశోధించి 2016లో ఈ సంగతి తేల్చారు.

పట్టు సడలగానే పిఫ్4 అనే ప్రోటీన్ ఆకుల్లో, బీజదళాల్లో (గింజ నుంచి మొదట వచ్చే జత ఆకుల్లో) ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్ తయారీని పెంచుతుంది. ఆ ఆక్సిన్ కాడలోకి దిగుతుంది. పిఫ్4ను అడ్డుకునే డెల్లా ప్రోటీన్లను జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోన్ తొలగిస్తుంది. బ్రాసినోస్టెరాయిడ్లు అనే హార్మోన్లు కూడా తోడైతేనే సాగుదల పూర్తవుతుంది. ఇక్కడ కొత్త కణాలు పుట్టడం తక్కువ, ఉన్న కణాలే నిలువునా సాగుతాయి. అందుకే కాడకు పొడవు వస్తుంది గానీ బలం రాదు. ఒంటరి మొక్కకు ఇది మేలే: ఆకులు వేడి నేలకు దూరంగా లేచి, గాలి ఆడి చల్లబడతాయి. పక్కపక్కనే 98 మొక్కలున్న ట్రేలో మాత్రం చేటు.

98 గళ్ల ప్రోట్రేకు (నారు పెంచే ప్లాస్టిక్ ట్రేకు) సుమారు 1.2 కిలోల కొబ్బరి పొట్టు పడుతుంది. గడికి ఒక గింజ, అర సెంటీమీటరు లోతున వేయండి. పది ట్రేలు ఒకదానిమీద ఒకటి పేర్చి పాలిథీన్ కప్పండి. మూడో రోజు నుంచి ఉదయం, సాయంత్రం పైకెత్తి చూడాలి. అక్కడక్కడా కొబ్బరి పొట్టును చీల్చుకుని తెల్లని వంగిన మెడలు కనిపించాయంటే వెంటనే ట్రేలు పరిచేయండి, మిగతావి మొలిచేదాకా ఆగొద్దు. దొంతరలో చీకటి, వేడి రెండూ కలిసి ఉంటాయి కాబట్టి ఒక్క రాత్రి ఆలస్యమైనా మెడ సాగిపోతుంది. సాగిన కణం మళ్లీ కుదించుకోదు. నారు పాడయ్యే చోట్లలో ఇదే మొదటిది, ఎక్కువమంది గమనించనిదీ ఇదే.

నీడకు 50 శాతం నల్ల షేడ్‌నెట్ వాడండి. నల్ల నెట్ అన్ని రంగులనూ ఒకేలా తగ్గిస్తుంది కాబట్టి ఎరుపు, దూర ఎరుపుల పాళ్లు మారవు. వేపచెట్టు కింద పెట్టిన ట్రేలకు ఆ భాగ్యం లేదు. నెట్‌ను మొలకలు నిలదొక్కుకున్నాక ఉదయం పదిన్నర నుంచి మూడున్నర దాకా మాత్రమే లాగండి, మిగతా వేళల్లో చుట్టి పెట్టండి. వేడికి తోడు రోజంతా నీడ కూడా ఉంటే మొక్కకు ఒకే సంకేతం రెండు వైపుల నుంచి అందుతుంది.

పగటి వేడి కన్నా రాత్రి వేడి మీద మన చెయ్యి ఎక్కువ ఆడుతుంది. సిమెంటు గచ్చు పగలు తాగిన వేడిని రాత్రంతా వదులుతుంది. ట్రేలను గచ్చు మీద కాకుండా తీగల బల్ల మీద పెట్టండి, సాయంత్రం పక్క తెరలన్నీ ఎత్తేయండి. చల్లబడతాయని రాత్రి నీళ్లు చల్లకండి, నారుకుళ్లు వస్తుంది. తడి ఉదయమే ఇవ్వాలి.

ఆకులు ఒకదానికొకటి తగలకముందే ట్రేల మధ్య జానెడు సందు వదలండి. పక్క ఆకుల మీద పడి తిరిగొచ్చే దూర ఎరుపుకు కూడా మొక్క సాగుతుంది. పన్నెండో రోజున లీటరు నీటికి 3 గ్రాముల 19-19-19 ఎరువు కలిపి పోస్తే చాలు, యూరియా వద్దు. పెరుగుదల టానిక్ అని అమ్మే సీసా మీద జిబ్బరెల్లిక్ ఆమ్లం అని ఉంటే నారుకు కొట్టకండి.

రెండు నిజమైన ఆకులు వచ్చాక, ఆకులు ఆరి ఉన్నప్పుడు, నున్నని పీవీసీ గొట్టంతో నారు కొసల మీద రోజూ పదిసార్లు మెల్లగా నిమరండి. ఊగిన కాడ పొట్టిగా, గట్టిగా తయారవుతుంది. వంగకూ ఇది పనిచేస్తుంది, మిరప ఆకులు మాత్రం దెబ్బతింటాయి. ప్యాక్లోబ్యూట్రజాల్ అనే మందు జిబ్బరెల్లిన్ తయారీని ఆపి కాడను పొట్టిగా ఉంచే మాట నిజమే. కానీ అది మట్టిలో చాలాకాలం నిలుస్తుంది, మోతాదు కొంచెం మించినా నాటిన తర్వాత మొక్క ఎదగదు. నారుకు దాన్ని మేము సిఫారసు చేయం.

21 నుంచి 25 రోజులకు నారు నాటుకు వస్తుంది. చివరి వారం నీళ్లు తగ్గించి, నెట్ పూర్తిగా తీసేయండి. ఇంత చేసినా సాగిన మొక్కలుంటే పారేయొద్దు. కింది ఆకులు తుంచి, కాడను ఏటవాలుగా పడుకోబెట్టి, పై ఆకుల కింది దాకా మట్టి కప్పండి. టమాట కాడ నుంచి వేళ్లు పుట్టించేదీ ఆక్సినే. అంటు నారైతే మాత్రం అంటు కట్టిన చోటు మట్టిలోకి పోకూడదు. పోతే పైకొమ్మ సొంత వేళ్లు వేసుకుంటుంది, తెగులు తట్టుకునే కింది వేరుకు పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.