స్టేట్‌మెంట్‌లో తెలియని షాపు పేరు కనిపిస్తే

కొత్త దేశానికి వచ్చి, బ్యాంకు ఖాతా తెరిచి, కార్డు వాడడం మొదలుపెట్టాక మొదటి స్టేట్‌మెంట్ చేతికొచ్చిన రోజు చాలామందికి ఈ టెన్షన్ తప్పదు. తలా తోకా లేని ఒక పేరు, ఎప్పుడూ అడుగుపెట్టని ఊరు, పక్కన ఒక చిన్న మొత్తం. కార్డు ఎవరో కాజేశారనే అనిపిస్తుంది. నిజంగా కాజేసిన సందర్భాలూ ఉంటాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను. కానీ వచ్చిన కొత్తలో ఇలా కనిపించే పేర్లు చాలావరకు మనం స్వయంగా వెళ్లి, మన చేత్తో కార్డు తాకించి వచ్చిన షాపులవే.

అందుకే బ్యాంకుకు ఫోన్ చేసేముందు ఒక పావుగంట మీరే వెతకండి. కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర చాలాసార్లు ఒకటే కార్డు ఉంటుంది. ‘ఇది నేను చేసింది కాదు’ అనగానే బ్యాంకువాళ్లు మామూలుగా ముందు ఆ కార్డును ఆపేస్తారు. కొత్త కార్డు పోస్టులో వచ్చేదాకా ఇబ్బందే. ఫోన్ బిల్లు, బస్సు యాప్, ఇంటర్నెట్ అన్నీ పాత నంబరుకే తగిలించి ఉంటాయి. ఇంత చేశాక, అది మీరు బట్టలు ఉతుక్కున్న లాండ్రీ తాలూకు డబ్బు అని తేలితే మీకూ తలనొప్పి, ఆ చిన్న షాపువాడికీ నష్టం. కస్టమరు బ్యాంకు ద్వారా వివాదం లేవదీస్తే షాపువాడి దగ్గర ఆ డబ్బు వెనక్కి లాగడమే కాక, పైన రుసుము కూడా పడుతుంది.

స్టేట్‌మెంట్‌లో ఒక్కో చెల్లింపుకు పడే ఆ వరుస ఎలా తయారవుతుందో తెలిస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. కార్డు యంత్రం నుంచి బ్యాంకుకు వెళ్లే సందేశంలో షాపు పేరు, ఊరు, దేశం అన్నిటికీ కలిపి ఉండేది 40 అక్షరాల చోటు. అందులో పేరుకు దక్కేది 22 నుంచి 25 అక్షరాలు, ఊరికి 13. పేరు పొడవైతే మధ్యలోనే తెగిపోతుంది. పైగా అక్కడ పడేది బోర్డు మీది పేరే కానక్కర్లేదు. యజమాని ఏ పేరుతో వ్యాపారం రిజిస్టరు చేశాడో, ఖాతా తెరిచేటప్పుడు ఏ పేరు రాయించాడో అదే పడుతుంది. బోర్డు మీద అందమైన పేరుంటుంది, స్టేట్‌మెంట్‌లో మూడు పొడి అక్షరాలు, పక్కన సగంలో తెగిన ‘ఎంటర్‌ప్రై’ ఉంటుంది. పెద్ద కంపెనీ పేరు పెట్టుకుని నడిచే ఫ్రాంచైజీ షాపుల్లోనూ ఒక్కోసారి ఇంతే, అసలు యజమాని సంస్థ పేరు కనిపిస్తుంది. చాక్లెట్లు, కూల్‌డ్రింకులు అమ్మే యంత్రం, పార్కింగ్ మీటరు, అపార్ట్‌మెంటు కింద ఉండే వాషింగ్ మెషీన్ల సంగతి చెప్పనక్కర్లేదు. వాటిని నడిపే సంస్థ పేరు మనకు ఎక్కడా ఎదురుపడదు.

ఊరు కూడా అంతే. హెడ్డాఫీసు ఉన్న ఊరో, డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ ఉన్న ఊరో పడొచ్చు. ఆన్‌లైన్ కొనుగోలైతే ఊరి చోట ఫోన్ నంబరో వెబ్‌సైటు పేరో ఉంటుంది. ఊరు తెలియనిది కాబట్టి మోసమే అనుకోవడం నా దృష్టిలో తొందరపాటు.

పేరుకు ముందు వచ్చే రెండు మూడు అక్షరాలు మాత్రం బాగా పనికొస్తాయి. చిన్న షాపులు సొంతంగా బ్యాంకు యంత్రం పెట్టుకోకుండా మధ్యలో ఒక చెల్లింపుల కంపెనీని పెట్టుకుంటాయి. ఆ కంపెనీ గుర్తు ముందు పడుతుంది, దాని పక్కన నక్షత్రం గుర్తు, ఆ తర్వాత షాపు పేరు. ఎస్‌క్యూ అని ఉంటే స్క్వేర్. టీఎస్‌టీ అని ఉంటే టోస్ట్, అంటే దాదాపు ఎప్పుడూ ఏదో హోటలో కాఫీ షాపో. ఎస్‌పీ అని ఉంటే షాపిఫై మీద నడిచే ఆన్‌లైన్ దుకాణం అయ్యుండొచ్చు. పేపాల్, సమ్‌అప్, జెటిల్ అయితే తమ పేరే వేసుకుంటాయి. కాబట్టి వెతకాల్సింది నక్షత్రానికి ముందున్నది కాదు, తర్వాత ఉన్నది. ఎస్‌క్యూ, నక్షత్రం, ఆ వెనక ఒక మనిషి పేరు ఉందనుకోండి. వారాంతపు సంతలో ఫోన్‌కు చిన్న యంత్రం తగిలించి కార్డు తీసుకున్న ఆవిడ గుర్తొచ్చిందా? ఆవిడకు షాపు పేరంటూ ఉండకపోవచ్చు, సొంత పేరుతోనే ఖాతా తెరిచి ఉంటుంది. క్షురకులు, ట్యాక్సీవాళ్లు, ట్యూషన్ చెప్పేవాళ్లు కూడా ఇలా సొంత పేర్లతో కనిపిస్తుంటారు.

ఇంత చెప్పినా నా సలహా ఏమిటంటే, పేరుతో మొదలుపెట్టకండి. మొత్తంతో మొదలుపెట్టండి. పేరు మారుతుంది, ఊరు మారుతుంది, పైసలతో సహా ఉన్న అంకె అంత సులభంగా మారదు. జేబులో రసీదులు, ఫోన్‌లో ఫొటోలు, ఈమెయిల్‌లో బిల్లులు తీసి ఆ అంకె కోసం చూడండి. ఈమెయిల్ వెతికే పెట్టెలో షాపు పేరు కాకుండా ఆ అంకె కొట్టి చూడండి. చాలామందికి ఈ ఆలోచనే రాదు. అంకె మారే చోట్లూ కొన్ని ఉన్నాయి. టిప్పు ఇచ్చే దేశాల్లో హోటల్లో ముందు బిల్లు మొత్తం పెండింగ్‌లో పడి, తర్వాత టిప్పుతో కలిపి ఖరారవుతుంది. పెట్రోలు పంపు దగ్గరే కార్డు పెడితే ముందు ఒక అంచనా మొత్తం పట్టి ఉంచి, తర్వాత అసలుది తీసుకుంటారు. షాపు వేరే దేశంలో ఉంటే మారకం రేటు వల్ల అంకె తేడా వస్తుంది, బ్యాంకు రుసుము వేరే వరుసగా పడొచ్చు.

తేదీ దగ్గర కూడా పొరబడతాం. స్టేట్‌మెంట్‌లో మీరు కార్డు తాకించిన తేదీ, ఖాతాలో పద్దు పడిన తేదీ వేరువేరుగా ఉండొచ్చు. శుక్రవారం సాయంత్రం కొన్నది సోమవారమో మంగళవారమో పడడం మామూలే. కొత్తవాళ్లను మరీ తికమక పెట్టేది తేదీ రాసే వరుస. 03/04 అంటే అమెరికాలో మార్చి 4, బ్రిటన్‌లో ఏప్రిల్ 3. ఆ రోజు నేను ఊళ్లోనే లేను అని బ్యాంకుతో వాదించేముందు ఇది ఒకసారి చూసుకోండి.

ఫోన్‌తో చెల్లించే అలవాటుంటే ఇంకో మెలిక. ఫోన్‌లోని వాలెట్ అసలు కార్డు నంబరు వాడదు, దాని బదులు వేరే నంబరు వాడుతుంది. అందుకే రసీదు మీద కనిపించే చివరి నాలుగు అంకెలు మీ ప్లాస్టిక్ కార్డు మీది అంకెలతో కలవవు. ఆ రసీదు మనది కాదని పారేస్తారు కొందరు. వాలెట్ యాప్‌లో ఆ కార్డు వివరాల్లోకి వెళ్తే ఆ రెండో నంబరు చివరి అంకెలు కనిపిస్తాయి, వాటితో పోల్చండి.

బ్యాంకు యాప్‌లో ఆ వరుస మీద నొక్కితే చాలాసార్లు ఇంకొంచెం సమాచారం వస్తుంది. ఏ రకం వ్యాపారమో చెప్పే గుర్తు అందులో పనికొచ్చేది. కార్డు తీసుకునే ప్రతి వ్యాపారానికీ నాలుగంకెల కోడ్ ఒకటి ఉంటుంది. 5411 అంటే కిరాణా, సూపర్‌మార్కెట్లు. 5812 భోజన హోటళ్లు, రెస్టారెంట్లు. 7230 సెలూన్లు, బ్యూటీ పార్లర్లు. పేరు బోధపడకపోయినా ‘సెలూన్’ అని చూడగానే పోయిన శనివారం జుట్టు కత్తిరించుకున్న సంగతి గుర్తుకురావచ్చు.

ఇంట్లో వాళ్లను అడగడం మాత్రం మరిచిపోవద్దు. ఉమ్మడి ఖాతా ఉన్న భార్యాభర్తలు ఒకరినొకరు అడక్కుండా నేరుగా బ్యాంకుకు ఫిర్యాదు చేసిన సందర్భాలు తక్కువేమీ కాదు. పిల్లల చేతిలో ఉన్న ఫోన్, ఉచితంగా మొదలై నెల తిరిగేసరికి డబ్బు లాగే యాప్‌లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

అది ఫలానా షాపుదే అయ్యుంటుందని అనిపిస్తే నేరుగా వెళ్లి అడగండి. తేదీ, మొత్తం, కార్డు చివరి నాలుగు అంకెలు చెబితే వాళ్ల యంత్రంలో వెతికి చెబుతారు. ‘స్టేట్‌మెంట్‌లో మీ పేరు ఎలా పడుతుందండీ?’ అని అడగడంలో తప్పేమీ లేదు, వాళ్లకిది అలవాటైన ప్రశ్నే. స్టేట్‌మెంట్ మొత్తం చూపించనక్కర్లేదు, కార్డు పూర్తి నంబరు అసలే చెప్పనక్కర్లేదు.

ఇదంతా చేసినా తేలలేదా? అప్పుడు బ్యాంకుకు ఫోన్ చేయండి. నంబరు కార్డు వెనకనే ఉంటుంది, అదే వాడండి. ఇంటర్నెట్‌లో వెతికితే కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు కూడా దొరుకుతాయి. మాట్లాడేటప్పుడు ‘ఇది మోసం’ అని మొదలుపెట్టకుండా, ‘ఈ వరుస గుర్తుపట్టలేకపోతున్నాను, వ్యాపారి పూర్తి వివరాలు చెప్పగలరా’ అని అడగండి. మొదటి మాటకు వాళ్లు కార్డు ఆపేస్తారు, రెండో మాటకు వివరాలు చూస్తారు. అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది: ఆ చెల్లింపు చిప్పుతో జరిగిందా, తాకించి జరిగిందా, ఆన్‌లైన్‌లో నంబరు కొట్టి జరిగిందా? కార్డు మీ జేబులోనే ఉండి, చెల్లింపు చిప్పుతో జరిగిందంటే అది మీరు చేసిందే అయ్యుండే అవకాశం ఎక్కువ. ఆన్‌లైన్ అయితే, మీరు ఏమీ కొనకపోతే, అప్పుడు అనుమానించాలి.

అలాంటప్పుడు చిన్న మొత్తమే కదా అని వదిలేయకండి. దొంగలు నంబరు పనిచేస్తోందో లేదో చూడడానికి ముందు చిల్లర లాగి చూస్తారు, అది ఎవరూ పట్టించుకోకపోతే పెద్ద మొత్తం మీద పడతారు. వెంటనే కార్డు ఆపించి, ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. గడువులూ ఉన్నాయి. అమెరికాలో క్రెడిట్ కార్డు పొరపాటును ఆ స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా తెలియజేయాలి. బ్రిటన్‌లో, ఐరోపా యూనియన్ దేశాల్లో మీ అనుమతి లేని చెల్లింపుల మీద ఫిర్యాదుకు గరిష్ఠంగా 13 నెలలు ఉన్నా, తెలిసిన వెంటనే ఆలస్యం చేయకుండా చెప్పాలి. డెబిట్ కార్డయితే పోయేది మీ ఖాతాలోని డబ్బే, కాబట్టి ఒక్కరోజు కూడా ఆగకండి.

తేలింది పాత చందా అయితే కార్డు మార్చి ఊరుకుంటే చాలదు. చాలా బ్యాంకులు కొత్త నంబరును కార్డు నెట్‌వర్కు (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి) ద్వారా ఆ కంపెనీలకు తామే అందజేస్తాయి, డబ్బు మళ్లీ పోతూనే ఉంటుంది. ఆ యాప్‌లోకే వెళ్లి చందా రద్దు చేయాలి.

ఇకమీదట ఈ వెతుకులాట తగ్గాలంటే, బ్యాంకు యాప్‌లో ప్రతి చెల్లింపుకూ అలర్ట్ వచ్చేలా పెట్టుకోండి. షాపులో నిలబడి ఉండగానే ఫోన్ మోగుతుంది, ఎదురుగా బోర్డు కనిపిస్తుంటుంది, ఏ బోర్డుకు ఏ పేరో అక్కడికక్కడే తెలిసిపోతుంది.