పురిట్లో బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి తోడుగా నిలవడం ఎలా?

తల్లి ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే తండ్రి, మేనమామ కలిసి బిడ్డను గుడ్డలో చుట్టి తీసుకెళ్లి పూడ్చి వస్తారు. ఆమె ఇల్లు చేరేసరికి ఉయ్యాల, జుబ్బాలు అటకెక్కి ఉంటాయి. చూస్తే తట్టుకోలేదన్న ప్రేమతోనే పెద్దలు ఇదంతా చేస్తారు. కానీ నవమాసాలు మోసిన బిడ్డ ముఖం ఒక్కసారైనా చూడలేదన్న బాధ ఏళ్ల తరబడి తొలుస్తూనే ఉంటుంది. అందువల్ల ముందుగా ఆమెనే అడగాలి. “బిడ్డను చూస్తావా, ఎత్తుకుంటావా?” అని నెమ్మదిగా అడిగి, అవునన్నా కాదన్నా ఆమె మాటే చెల్లేలా చూడాలి, వెంటనే చెప్పలేకపోతే కాసేపాగి మళ్లీ అడగాలి. తల్లిదండ్రులు సరేనంటే ఒక ఫోటో, పాదముద్రలు తీయించి దాచి ఉంచాలి. బిడ్డ చేతికి ఆసుపత్రిలో కట్టిన పట్టీని బీరువాలో చీరల మడతల మధ్య దాచుకున్న ఒక తల్లిని నేనెరుగుదును. ఆమెకు మిగిలిన గుర్తు అదొక్కటే.

బిడ్డ లేకపోయినా ఆమె పచ్చి బాలింతేనన్న సంగతి చాలా ఇళ్లలో మరచిపోతారు. పథ్యం, విశ్రాంతి, రక్తస్రావం ఎలా ఉందో కనిపెట్టి చూడటం, ఏదీ తగ్గకూడదు. రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి. ముందుగా ఎవరూ చెప్పకపోతే, జాకెట్టు తడిసిన ఆ క్షణం ఆమెను కుప్పకూల్చేస్తుంది. చల్లని గుడ్డ వేయడం, రొమ్ములకు ఆసరాగా ఉండే లోదుస్తులు తొడుక్కోవడం, సలపరం తగ్గేంతవరకే కొద్దిగా పిండటం మేలు చేస్తాయి. జ్వరం వచ్చినా, రొమ్ము ఎర్రబడి గట్టిపడినా డాక్టరుకు చూపించాలి.

పరామర్శకు వెళ్లినవారు “చిన్న వయసేగా, మళ్లీ పుడతారులే” అనకూడదు. “గ్రహణం నాడు బయట తిరిగావేమో” అన్న మాట అంతకంటే క్రూరమైనది, ఎందుకంటే తన తప్పేమిటోనని ఆమె అప్పటికే రాత్రంతా వెతుక్కుంటూ ఉంటుంది. బిడ్డకు పేరేమైనా అనుకున్నారా అని అడగండి; చెబితే ఆ పేరుతోనే మాట్లాడండి. మాటలు రాకపోతే ఊరికే పక్కన కూర్చున్నా చాలు. తండ్రిని కూడా పలకరించాలి. అందరూ అతడిని “ఆమెను బాగా చూసుకో” అంటారే గాని, నువ్వెలా ఉన్నావని అడగరు.

కాగితాల పని దగ్గరివారు ఒకరు నెత్తిన వేసుకోవాలి. ప్రాణంతో పుట్టి పోయిన బిడ్డకు జననం, మరణం రెండూ, మృతశిశువైతే ఆ విషయం, 21 రోజుల్లోగా నమోదు కావాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు ఇలాంటప్పుడు 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ఇవ్వాలని 2022లో ఉత్తర్వు వచ్చింది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం కూడా ‘బిడ్డ’ అన్న నిర్వచనంలో మృతశిశువును చేర్చింది. బిడ్డ లేదు గనుక సెలవు లేదని ఎవరైనా అంటే ఊరుకోనక్కరలేదు. ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీకి కూడా కబురు చెప్పాలి, లేకపోతే నెలన్నరకు “పాపకు టీకా వేయించారా?” అంటూ ఫోన్ నేరుగా తల్లికే వస్తుంది.

నెల దాటాక బంధువుల రాక తగ్గిపోతుంది. అసలు తోడు కావలసింది అప్పుడే. వారాల తరబడి నిద్ర, తిండి లేకపోయినా, బతకాలని లేదన్నా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించాలి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే సహాయ ఫోన్ సేవ టెలిమానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బిడ్డ పుట్టిన తేదీని మీ క్యాలెండరులో రాసుకుని, మరుసటి ఏడు ఆ రోజున ఆమెకు ఫోన్ చేయండి.