కొత్త సరుకు ఆన్‌లైన్లో పెట్టేముందు రేటు ఎట్లా తేల్చుకోవాలి

కొత్తగా ఏదన్నా ఆన్‌లైన్లో అమ్మాలనుకుంటే మనోళ్లు మొదట చేసే పని చుట్టాలకి శాంపిల్ ఇచ్చి ఎంత పెట్టొచ్చని అడగడం. ఆ మాట నమ్ముకోని రేటు పెట్టొద్దండి. మేనత్త "300 అయినా కొంటారు నాయనా" అంటుంది, ఆమె మాత్రం దుడ్లిచ్చి కొనదు కదా.

అనంతపురం శెనక్కాయల పొడి అమ్ముతున్నారనుకోండి. ముందు ఖర్చు రాసుకోండి, శెనక్కాయలు, ఎండుమిర్చి, కూలి, కవరు, ఆన్‌లైన్లో దుడ్లు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే వాళ్లు పట్టుకునేది, కొరియర్ అన్నీ. చానామందికి దెబ్బ పడేది కొరియర్ దగ్గరే, ఏంటికంటే చాలా కంపెనీలు అరకేజీ స్లాబుల్లో లెక్కేస్తాయి, మీరు సరిగ్గా 500 గ్రాముల పొడి పోసి అట్టపెట్టె, టేపు వేసేసరికి అరకేజీ దాటి ఇంకో స్లాబు పడుతుంది. అదే 400 గ్రాములైతే పెట్టెతో కలిపినా లోపలే ఉంటుంది. అందుకే సైజు ముందే ఖాయం చేసుకోండి, మధ్యలో మారిస్తే టెస్టంతా గల్లంతే.

ఏ రేట్లు టెస్ట్ చేయాలో తెలీకపోతే వాన్ వెస్టెండార్ప్ అనే డచ్చాయన 1976లో చెప్పిన నాలుగు ప్రశ్నలున్నాయి: ఎంతైతే అస్సలు కొనరు, ఎంతైతే ఖరీదే కానీ కొంటారు, ఎంతైతే చవగ్గా వచ్చిందనుకుంటారు, ఎంతైతే ఇంత తక్కువేంటి సరుకు బాలేదేమో అని డౌటొస్తుంది. బెంగళూర్లో ఉజ్జోగాలు చేసే మనూరోళ్లని కూడా అడగండి, ఇంటి రుచికి ఆర్డర్ పెట్టేది ఎక్కువగా వాళ్లే. దీంతో సుమారుగా ఎంత నుంచి ఎంత అనేది మాత్రమే తెలుస్తుంది, అంతకుమించి నమ్మొద్దు.

అసలు టెస్ట్ దుడ్లు కట్టించుకుంటేనే. 199, 249, 299 అని మూడు రేట్లు తీసుకోండి. ఒకే వాట్సాప్ గ్రూపులో ఒకరికో రేటు చెప్తే సాయంత్రానికి స్క్రీన్‌షాట్లు తిరుగుతాయి, పరువు పోతుంది. ఇన్‌స్టా యాడ్ ఊరిని బట్టి చూపించొచ్చు కాబట్టి ఈ వారం కర్నూలుకి ఒకటి, కడపకి ఒకటి, అనంతపురానికి ఒకటి పెట్టి, వారం వారం తిప్పండి, అప్పుడు ఒకటో తారీకు జీతాల వారం, నెలాఖరు వారం తేడా కూడా సర్దుకుపోతుంది. ఫోటో, రాత మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి. సంక్రాంతి, ఉగాది వారాలు వద్దు. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లు లెక్కలోకి తీసుకోవద్దు, సగం మంది కొరియరబ్బాయి ఫోనే ఎత్తరు.

ఇంక లెక్క. ఒక్కో ప్యాకెట్‌కి ఖర్చు 140 అనుకుందాం. ఒక్కో రేటు వందమంది చూస్తే 199కి 12 మంది కొన్నారు, మిగిలేది 708. 249కి 9 మంది, 981. 299కి 5 మంది, 795. ఎక్కువమంది కొన్నది 199 అయినా మిగిల్చింది 249. కాకపోతే వందమందిలో ఒకరిద్దరి తేడా చూసి ఖాయం చేసుకోవద్దు, నాలుగైదు వందలమంది చూసేదాకా ఆగండి.

టెస్ట్ ప్యాకెట్ల మీద ఎంఆర్‌పీ 299 అనే వేయండి, దానికి తగ్గించి అమ్మొచ్చు కానీ ఎంఆర్‌పీ దాటి అమ్మితే కేసు పడుతుంది. చివరికి 249 ఖాయమైతే, 299కి కొన్నోళ్లకి మిగతా 50 వాపసు పంపించేయండి. స్టిక్కర్లు ప్రెస్సోడు వెయ్యి కొట్టిస్తే చవకంటాడు, రేటు తేలేదాకా వినొద్దు.