వేసవి షటిల్ పోటీలకు ముందు కెఫీన్ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

పరీక్షలు అయిపోయి సెలవులు మొదలవగానే హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లోనూ, అటు కరీంనగర్, జగిత్యాల దాకానూ షటిల్ కోర్టులకు తీరిక ఉండదు. పొద్దున పిల్లల శిక్షణ శిబిరాలు, సాయంత్రం పెద్దల డబుల్స్, ఆదివారమొస్తే పొద్దంతా సాగే నాకౌట్ పోటీలు. సరిగ్గా ఈ నెలల్లోనే ఇక్కడి ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఊరికే పుట్టలేదు. కోర్టుల్లో చాలా మటుకు రేకుల షెడ్లే. గాలి తగిలితే కాక్ దారి తప్పుతుంది కాబట్టి ఫ్యాన్లు ఆపి, కిటికీలు మూసి ఆడవలసి వస్తుంది. సాయంత్రం ఐదింటికి కూడా పైకప్పు నుంచి వేడి దిగుతూనే ఉండే అలాంటి షెడ్డులో, మ్యాచ్‌కు ముందు ఎనర్జీ డ్రింకు డబ్బా తెరవడం, చిక్కటి కాఫీ తాగడం, జిమ్ములో అమ్మే పొడిని నీళ్లలో కలుపుకోవడం ఈ మధ్య మామూలైపోయింది. వీటన్నిటిలోనూ ముఖ్యంగా పనిచేసేది కెఫీనే. దాన్ని వాడదలచినవారూ, వాడుతున్న పిల్లల తల్లిదండ్రులూ సీజను మొదలవకముందే తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ, నాడీకణాల మీది గ్రాహకాలకు అతుక్కుని, ఇక విశ్రాంతి తీసుకొమ్మని శరీరానికి చెబుతూ ఉంటుంది. కెఫీన్ నిర్మాణం దానికి దగ్గరగా ఉండడం వల్ల ఆ గ్రాహకాలను ముందే ఆక్రమించి కూర్చుంటుంది. అడెనోసిన్ ఎక్కడికీ పోలేదు, అది చెప్పే మాట మాత్రం అందడం లేదు. అలసట తీరడం వేరు, అలసట తెలియకపోవడం వేరు. వేసవిలో తీసుకోవలసిన జాగ్రత్తలు చాలావరకు ఈ తేడా నుంచే పుడతాయి.

అలాగని కెఫీన్‌తో ప్రయోజనమే లేదనడం సరికాదు. శరీర బరువులో కిలోకు 3 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి బ్యాడ్మింటన్, టెన్నిస్ క్రీడాకారులను పరిశీలించినప్పుడు ఎగిరే ఎత్తు కొంత పెరగడం, కోర్టులో కదలికలు చురుకవడం, మ్యాచ్ చివరి భాగంలో టెన్నిస్ సర్వీసు వేగం మెరుగ్గా ఉండడం కనిపించాయి. ర్యాలీలు చాలావరకు పది సెకన్ల లోపే ముగిసి, ఊపిరి తీసుకునేలోగా మళ్లీ మొదలయ్యే ఆట కాబట్టి ఆ మాత్రం చురుకు విలువైనదే. అయితే షటిల్ అంటే వేగం ఒక్కటే కాదు.

డబుల్స్‌లో షార్ట్ సర్వీసు వేసేవారి చేతిని ఒకసారి దగ్గరగా చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాక్ ఈక అంచును పట్టుకుని, బ్యాట్‌ను ఒంటి ముందు నిలిపి, కొట్టినట్టు కాకుండా వేళ్లతో నెట్టినట్టు పంపాలి. కాక్ నెట్ పైపట్టీని రాసుకుపోతున్నట్టు దాటాలి. పోయిన వేసవిలో నాతో డబుల్స్ ఆడే కుర్రవాడు రెండు డబ్బాలు తాగి కోర్టులోకి దిగాడు. స్మాష్‌లు బ్రహ్మాండంగా పడ్డాయి. సర్వీసు వంతు వచ్చేసరికి వేళ్ల మధ్య కాక్ ఈకలు సన్నగా అదురుతుండడం పక్కన నిల్చున్న నాకే కనిపించింది. ఆ ఒక్క గేములో మూడుసార్లు సర్వీసు నెట్‌కు తగిలింది. “చెయ్యి నా మాట ఇంటలేదన్నా” అన్నాడు, నవ్వలేక. స్మాష్‌కు పనికొచ్చిన చురుకే సర్వీసును చెడగొట్టింది. చేతివణుకు, గుండెదడ, ఆందోళన, కడుపులో తిప్పడం మోతాదు పెరిగిన కొద్దీ పెరుగుతాయి. సాధారణంగా కిలోకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల మధ్య మేలు కనిపిస్తుందనీ, 9 దాకా పెంచితే అదనంగా దక్కేది ఇబ్బందులేననీ క్రీడాపోషణ నిపుణులు చెబుతున్నారు. కొందరికి 2 మిల్లీగ్రాములే సరిపోతాయి. తొలిసారి వాడేవారు అక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

ఇక లెక్క దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల కప్పు డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, చాయ్‌లో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అన్నీ కలిపి రోజుకు 300 మిల్లీగ్రాములు మించకూడదని ఆ సంస్థ సూచన. మన చాయ్ బండి దగ్గరి చిన్న కప్పులో పట్టేది ఇందులో సగం. అరవై కిలోల మనిషికి కిలోకు 3 చొప్పున 180 మిల్లీగ్రాములు కావాలంటే అలాంటివి ఆరు మొదలుకొని పన్నెండు కప్పుల దాకా తాగాలి, అంతటి సాహసం ఎవరూ చేయరు. కాబట్టి ఆటకు ముందు ఒక చాయ్ తాగేవారి గురించి బెంగ అక్కర్లేదు. ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకు 300 మిల్లీగ్రాములు మించరాదని మన ఆహార భద్రతా ప్రమాణాల నిబంధన ఉంది. అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో గరిష్ఠంగా 75. అసలు జాగ్రత్తపడవలసింది జిమ్ము పొడుల దగ్గర. వాటిలో ఒక్క చెంచా కొలతలోనే 150 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉండడం సాధారణం. చెంచాను తలకొట్టి కొలిచామా, గుప్పగా తీశామా అన్నదాన్ని బట్టి మోతాదు మారిపోతుంది. విడిగా దొరికే శుద్ధ కెఫీన్ పొడి జోలికి అసలే పోకూడదు; ఒక టీ చెంచాడు దాదాపు 28 కప్పుల కాఫీతో సమానమని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది, అది ప్రాణాంతకం.

మోతాదు సరిగ్గా ఉన్నా సమయం తప్పితే ఫలితం ఉండదు, మన పోటీల్లో తప్పేది ఎక్కువగా ఇదే. తాగిన అరగంట నుంచి గంటలోపు కెఫీన్ రక్తంలో పతాక స్థాయికి చేరుతుంది. అందులో సగం తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది, మనిషిని బట్టి 3 నుంచి 7 గంటల దాకా. డ్రా కాగితంలో మీ మ్యాచ్ పదింటికని ఉంటుంది. ప్రారంభోత్సవం, ముఖ్య అతిథి రాక, ముందు మ్యాచ్ మూడో గేముకు వెళ్లడం, మధ్యలో కరెంటు పోవడం, అన్నీ కలిసి మీ పేరు పిలిచేసరికి మధ్యాహ్నం మూడు. తొమ్మిదిన్నరకు తీసుకున్న 150 మిల్లీగ్రాముల ప్రభావం తగ్గినట్టనిపించి ఇంకో 150 తీసుకుంటారు. లోపల మిగిలిన సుమారు 70తో కలిసి అది 220 దాకా అవుతుంది, రాత్రి ఎనిమిదింటికి కూడా వందకు పైగానే నిలిచి ఉంటుంది. మర్నాడు సెమీఫైనల్ పెట్టుకుని రాత్రంతా ఫ్యాను వంక చూస్తూ పడుకోవలసి వస్తుంది. నిద్రకు 6 గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాములు కూడా నిద్రను గంటకు పైగా తగ్గించాయని ఒక పరిశోధన తేల్చింది. అందుచేత డ్రా కాగితంలోని సమయాన్ని నమ్మి తాగకూడదు. మీ కోర్టులో మీకు ముందున్న మ్యాచ్ మొదలయ్యాకే తాగండి. సాయంత్రం నాలుగు దాటాక ఎంత ముఖ్యమైన మ్యాచ్ అయినా రెండో మోతాదు వద్దు. ఆటకు కెఫీన్ చేసే మేలు కంటే నిద్ర చేసే మేలు ఎన్నో రెట్లు ఎక్కువ.

పోటీ రోజున ఏదీ తొలిసారి వాడకూడదు. కెఫీన్‌ను కాలేయం ఎంత వేగంగా విరగ్గొడుతుందన్నది జన్యువుల మీద ఆధారపడి ఉంటుంది. పక్కవాడికి బాగా కుదిరింది మీకు కడుపు తిప్పవచ్చు. కనీసం రెండు వారాల ముందు, అదే షెడ్డులో, అదే వేళకు, తక్కువ మోతాదుతో రెండు మూడుసార్లు ఆడి చూసి, సర్వీసులు, నెట్ దగ్గరి షాట్లు ఎలా పడుతున్నాయో, ఆ రాత్రి నిద్ర ఎలా పట్టిందో రాసిపెట్టుకోండి. దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. రోజుకు నాలుగైదు చాయ్‌లు అలవాటున్నవారు పోటీకి రెండు రోజుల ముందు ఒక్కసారిగా మానేస్తే సరిగ్గా పోటీ నాటికి తలనొప్పి, మందకొడితనం పట్టుకుంటాయి. మానదలిస్తే సీజను ముందే నెమ్మదిగా తగ్గించుకోవాలి.

కాఫీ, చాయ్ తాగితే ఒంట్లోని నీరంతా పోతుందన్న భయం అతిశయోక్తి. అలవాటున్నవారిలో మితమైన మోతాదు వల్ల చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. వేడిలో ఉన్న ముప్పు వేరు. ఒళ్లు కాగిపోతున్నా ఇంకా ఆడగలననిపించడం, రావలసిన హెచ్చరిక ఆలస్యంగా రావడం. అందుకే కెఫీన్ తీసుకున్న రోజున దాహం వేసినప్పుడు తాగుదాంలే అనుకోకుండా, గేముకూ గేముకూ మధ్య దొరికే 2 నిమిషాల్లో తప్పనిసరిగా నీళ్లో, ఉప్పు వేసిన పలుచని మజ్జిగో, ఓఆర్ఎస్ నీళ్లో తాగాలి, మెడ మీద తడి తువాలు వేసుకోవాలి. ఎనర్జీ డ్రింకును దాహానికి తాగడం మాత్రం పెద్ద పొరపాటు. అందులో చక్కెర ఎక్కువ, అది నీళ్లకు బదులు కాదు.

పిల్లల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు: వద్దు. ఎనర్జీ డ్రింకు డబ్బా మీదే పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదని అచ్చువేసి ఉంటుంది, అక్షరాలు చిన్నవి కావడంతో ఎవరూ చదవరు. పిల్లలు రోజంతా కలిపి కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ లెక్కగట్టింది. నలభై కిలోల బాలుడికి అది 120, అంటే రెండు డబ్బాలకే హద్దు దాటిపోతుంది. అండర్-15 మ్యాచ్‌కు ముందు తండ్రే డబ్బా తెరిచి అందించడం చూసినప్పుడు బాధ కలుగుతుంది. ఆ వయసులో ఆటను బాగుచేసేది కాళ్ల కదలిక, తిండి, నిద్ర. ఆడపిల్లల విషయంలో ఇంకొక మాట: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సగానికి పైగా మహిళల్లో రక్తహీనత ఉంది. చాయ్, కాఫీల్లోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కాబట్టి, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా అవి తాగవద్దన్న పోషకాహార సంస్థ సూచనను శిబిరంలో ఉన్నన్నాళ్లయినా పాటించాలి.

నలభై దాటి తెల్లవారుజామున ఆడేవారు బీపీ, గుండె లయ తేడాలు ఉంటే డాక్టరును అడగకుండా కాఫీకి మించి ఏదీ తీసుకోకూడదు. షటిల్‌లో గుండె వేగం గరిష్ఠానికి చేరువవుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు కెఫీన్ ఒంట్లో మామూలు కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది, లెక్కలో దాన్నీ కలపాలి.

రాష్ట్ర, జాతీయ స్థాయిలో ఆడేవారికి నిషేధం గురించి అనుమానం ఉంటుంది. కెఫీన్‌ను 2004 జనవరి 1 నుంచి నిషేధిత పదార్థాల జాబితాలోంచి తొలగించారు, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ దాన్ని కేవలం గమనిస్తూ ఉంటుంది. అయితే పొడి డబ్బాల్లో పైన రాయని ఉత్ప్రేరకాలు కలిసి ఉన్న సందర్భాలు ఉన్నాయి. పరీక్షలో దొరికితే తెలియదన్న సమాధానం చెల్లదు. ముక్కు దిబ్బడకు వాడే మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్‌కు కూడా పోటీ సమయంలో హద్దు ఉంది.

ఆట మధ్యలో ఛాతీ బిగుసుకున్నా, నొప్పి భుజానికో దవడకో పాకినా, గుండె లయ తప్పి కొట్టుకుంటున్నా, కళ్లు తిరిగినా, స్కోరు ఎంతున్నా బ్యాట్ కింద పెట్టాలి. జోడీదారు మాట తడబడుతూ, అడుగు తూలుతూ, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ కావచ్చు. చెమట పడుతోంది కదా అని తీసిపారేయవద్దు, ఆటలో వచ్చే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు. 108కు ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోగా ఫ్యాన్లన్నీ వేసి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోస్తూ, మెడకూ చంకలకూ గజ్జలకూ ఐసు ఆనించాలి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్లు పోయకూడదు. తాగిన ఖాళీ డబ్బానో, పొడి డబ్బానో సంచిలోంచి తీసి వెంట పంపి, ఎన్నింటికి ఎంత తీసుకున్నారో వచ్చిన సిబ్బందికి చెప్పండి.