మలక్‌పేట గుర్రాన్ని వరంగల్‌కు తెచ్చి ఈవెంటింగ్‌కు దింపాలంటే

ఈవెంటింగ్ అంటే డ్రెస్సేజ్ (రౌతు సైగలకు నిలకడగా నడిచి చూపడం), క్రాస్‌కంట్రీ (బయలు నేలలో అడ్డంకులు, నీళ్లు దాటుతూ పరుగు), షోజంపింగ్ (మైదానంలో కట్టెలు దూకడం) మూడూ ఒకే గుర్రంతో చేసే పోటీ. హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో పందేలు మానిన మూడు నాలుగేండ్ల థరోబ్రెడ్ (పందెం జాతి గుర్రం) చవగ్గా దొరికిందని, బేరం కుదిరిన సాయంత్రమే లారీ ఎక్కిస్తారు చాలామంది. కనీసం పది రోజులు ఆగండి. ముందుగా పశువైద్యుడితో గ్లాండర్స్, ఇన్ఫెక్షియస్ అనీమియా పరీక్షలకు రక్తం తీయించండి. గ్లాండర్స్ మనుషులకూ సోకే జబ్బు. నమూనా ల్యాబ్‌కు పోయి రావడానికి రోజులు పడుతుంది, అందుకే ఇది మొదటి పని. ధనుర్వాతం టీకా, ప్రయాణానికి పనికొస్తుందన్న డాక్టర్ సర్టిఫికెట్ కూడా తీసుకోండి. గుర్రం పాస్‌పోర్టులోని (గుర్తింపు పుస్తకంలోని) నంబరు, మెడలోని చిప్ నంబరు ఒకటేనా అని మీరే చూసుకోండి.

ఆ పది రోజుల్లో దాణా దించాలి. పందెం గుర్రానికి ఓట్స్ గింజలు దండిగా పెడతారు. పరుగు ఆపి దాణా అట్లనే ఉంచితే కండరాలు బిగుసుకుపోయి, అడుగు కూడా వేయలేక చెమటలు కక్కుతూ నిలబడిపోతుంది. మూడు రోజులకోసారి పావు వంతు తగ్గిస్తూ ఎండుగడ్డి పెంచండి. 450 కిలోల గుర్రానికి రోజుకు 7 నుంచి 9 కిలోల గడ్డి పడాలి. అలవాటు లేని ఉలవలు ఇప్పుడే మొదలుపెట్టొద్దు. నీళ్లలో చిటికెడు బెల్లం కలపడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. కొత్త ఊరి నీళ్ల వాసనకు మూతి తిప్పుకునే గుర్రం, తెలిసిన తీపి తగిలితే తాగుతుంది.

లారీ ఎక్కించడం రోజూ పావుగంట సాధన చేయించాలి. మొదటిరోజు ముందుకాళ్లు ర్యాంప్ మీద పెడితే చాలు, వెనక్కి నడిపించి గడ్డి పెట్టండి. వెనక నుంచి కట్టెతో అదిలిస్తే ఆ రోజుకు ఎక్కుతుందేమో, మళ్లీ ఎప్పుడూ ఎక్కదు. లోపల రబ్బరు మ్యాటు, దాని మీద మూడంగుళాల రంపపు పొట్టు వేయండి. వరిగడ్డి పరిస్తే దుమ్ము లేస్తుంది, పైగా అదే తింటుంది.

అన్నిటికన్నా ముఖ్యం తాడు. సైసులు (గుర్రాన్ని చూసుకునే పనివాళ్లు) భయంతో తల పైకెత్తి పొట్టిగా కట్టేస్తారు. గంటల తరబడి తల వంచలేని గుర్రం ముక్కులోని చీమిడి, దుమ్ము బయటికి పోక ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ప్రయాణపు జ్వరం వచ్చేది అందుకే. మూతి రొమ్ము కిందిదాకా వచ్చేంత, కాలు మాత్రం తాడులో పడనంత పొడవు వదలండి. తాడును నేరుగా ఇనుప రింగుకు కాకుండా, రింగుకు వేసిన సుతిలి ఉచ్చుకు ఒక్క లాగుతో విడిపోయే ముడితో కట్టండి. గుర్రం బెదిరి వెనక్కి గుంజితే సుతిలి తెగుతుంది, మెడ దక్కుతుంది.

మలక్‌పేట నుంచి భువనగిరి, జనగామ మీదుగా 150 కిలోమీటర్లు. ఎండాకాలమైతే తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలి. పక్కన నిండు చెంబు పెట్టుకున్నట్టు నడపాలని డ్రైవర్‌కు చెప్పండి, బ్రేకు వేసిన ప్రతిసారీ కాళ్లు తన్నిపట్టి నిలబడాల్సింది గుర్రమే. బెంగళూరు నుంచైతే 700 కిలోమీటర్లు దాటుతుంది. మూడు నాలుగు గంటలకోసారి బండి ఆపి తాడు విప్పి తల దించనివ్వండి, నీళ్లు చూపండి, హైదరాబాద్ శివారులో ఒక రాత్రి దింపండి.

దిగాక మూడు రోజులు పొద్దున, సాయంత్రం జ్వరం చూడండి. 101.5 ఫారెన్‌హీట్ దాటినా, దగ్గినా, గడ్డి ముట్టకున్నా డాక్టర్‌ను పిలవాల్సిందే. తేలికపాటి అల్యూమినియం నాడాలు తీయించి, నాడాలు కొట్టే నాల్‌బంద్‌తో డెక్కలు సరిచేయించండి. ఆపై ఒకటి రెండు నెలలు మేత, నడక, అంతే.

సవారీ మొదలయ్యాక అసలు చిక్కు పగ్గాల దగ్గర వస్తుంది. పందెంలో జాకీ పగ్గం గట్టిగా పట్టుకుంటే గుర్రం దాని మీదికి ఒరిగి ఇంకా ఉరుకుతుంది. అంటే ఆపుదామని మీరు లాగినకొద్దీ అది వేగం పెంచుతుంది, తప్పు దానిది కాదు. నడుము నిటారుగా పెట్టి, ఊపిరి వదిలి, ఒక్క క్షణం పట్టి వదలండి. 20 మీటర్ల వలయంలోకి తిప్పండి. జాకీ కాళ్లు పొట్టి రికాబుల్లో పైకే ఉంటాయి కాబట్టి పక్కటెముకలకు మీ కాలు తగిలితే ఉలిక్కిపడుతుంది, నెమ్మదిగా అలవాటు చేయండి. ఒకే వైపు మలుపులకు అలవాటుపడ్డ గుర్రానికి రెండో వైపు ఎక్కువ పని పెట్టండి. తల విదిలిస్తుంటే శిక్షణను తిట్టుకునే ముందు పళ్లు చూపించండి, ఈ వయసులో పాలపళ్లు ఊడుతుంటాయి.

నేల మీద కట్టెలు నాలుగున్నర అడుగుల ఎడంతో నాలుగు పరిచి దుడుకు లేకుండా ట్రాట్‌లో (నడకకూ పరుగుకూ మధ్య దుడుకు నడకలో) దాటించండి. అడ్డంగా కట్టిన అడుగున్నర ఎత్తు కట్టెను దూకించడం రెండు మూడు నెలల తర్వాతే, వారానికి రెండుసార్లు మించకుండా. మన నల్లరేగడి ఎండాకాలం పగుళ్లిచ్చి కాలు మెలిపెడుతుంది, వానలకు నాడాను గుంజేస్తుంది. చల్కా (ఇసుక కలిసిన ఎర్ర) నేల మీద ఇసుక పోసుకుంటే రెంటి బాధా ఉండదు.

2018 ఆసియా క్రీడల్లో ఫవాద్ మీర్జా ఈవెంటింగ్‌లో వెండి పతకం తెచ్చాక అందరి కళ్లూ క్రాస్‌కంట్రీ మీదే పడ్డాయి. దానికి ముందు డ్రెస్సేజ్ ఉందని మరిచిపోతారు, అక్కడ మార్కులు పడేది నిలకడకే. క్రాస్‌కంట్రీ నీళ్ల సాధన కోసం మాత్రం చెరువులోకి దింపొద్దు. అడుగున ఒండ్రు ఉంటుంది. ఒకసారి కాలు దిగబడ్డ గుర్రం మళ్లీ గుంత నీళ్లను కూడా నమ్మదు. మొరం అడుగున్న, మోకాలు తడవని వాగు వెతకండి, తెలిసిన ముసలి గుర్రాన్ని ముందు నడిపించి దీన్ని వెనకే రానివ్వండి.